సుబ్బారావు గారి మాత్ర, మన ఊరి జ్వరం, మధ్యలో కొన్ని పనిముట్లు

ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరెత్తితే చాలు, మనవాళ్ళు ఒక జాబితా అప్పజెప్పేస్తారు. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్, హెట్రజాన్... చివర్లో "నోబెల్ ఇవ్వకుండా అన్యాయం చేశారండీ" అని ఓ నిట్టూర్పు. ఆ నిట్టూర్పుతో నాకేం పేచీ లేదు. కానీ ఈ జాబితా చదివినప్పుడల్లా ఒక సంగతి జారిపోతూ ఉంటుంది. ఆయన మందులు చేసిన మనిషి కావడానికి ముందు పనిముట్లు చేసిన మనిషి. ప్రయోగశాలలో పదిమందికీ పనికొచ్చే కొలతలు, పరీక్షలు తయారుచేసిన మనిషి.

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. ప్రోడక్టు పేరు అందరికీ తెలుస్తుంది. దాన్ని కట్టడానికి వాడిన డీబగ్గరు, కంపైలరు, టెస్ట్ సూటు రాసినవాళ్ళ పేర్లు ఎవరికీ పట్టవు. అర్ధరాత్రి ప్రొడక్షన్‌లో సర్వరు చతికిలబడ్డప్పుడు మాత్రం మనల్ని గట్టెక్కించేది అవే.

ఈ టపాలో ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్దామనుకుంటున్నాను. మా గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ ఫైలేరియా మాత్రలు పంచినప్పుడల్లా వినపడే ప్రశ్న అది: "ఒంట్లో ఏ జబ్బూ లేనోడికి మాత్ర మింగించి జొరం తెప్పించడం ఏం వైద్యమండీ?" చాలామంది ఆరోగ్య కార్యకర్తకి "అలాగేనండి, భోజనం చేశాక వేసుకుంటామండి" అని చెప్పి, మాత్రలు కిటికీ గూట్లో పెట్టేస్తారు. అవి అక్కడే ఉండిపోతాయి.

ఆ మాత్ర పేరు డైఇథైల్ కార్బమజైన్, పొట్టిగా డీఈసీ. లెడర్లే కంపెనీ దానికి పెట్టిన పేరు హెట్రజాన్. అంటే అది మన భీమవరం సుబ్బారావు గారి బృందం 1947లో బయటపెట్టిన మందే. ఆ జ్వరం ఎందుకొస్తుందన్న ప్రశ్నకి జవాబు రావడానికి మాత్రం ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. ఎందుకంత ఆలస్యం? తెలివైనవాళ్ళు లేక కాదు. చూడ్డానికి పనిముట్లు లేక.

ముందు జబ్బు సంగతి

డెల్టాలో పుట్టి పెరిగినవాళ్ళకి బోదకాలు గురించి పరిచయం అక్కర్లేదు. హైదరాబాదు, బెంగుళూరుల్లో పెరిగిన మిత్రుల కోసం రెండు ముక్కలు. మురుగునీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ ద్వారా ఉచెరీరియా అనే పురుగు మనిషిలోకి చేరుతుంది. తెల్లని దారప్పోగులా ఉంటుంది. ఆడపురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. లింఫ్ నాళాల్లో కాపురం పెట్టి ఏళ్ళ తరబడి బతుకుతుంది. అది కనే పిల్లల్ని మైక్రోఫైలేరియా అంటారు. ఇవి రాత్రిపూట రక్తంలోకి వస్తాయి, పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుంటాయి. దోమ కుట్టే వేళకి అవి తయారుగా ఉంటాయన్నమాట. ఫైలేరియా విభాగం వాళ్ళు రాత్రి పది దాటాక వచ్చి వేలిమీద సూదితో గుచ్చి రక్తం తీసుకెళ్ళేది అందుకే.

ఇందులో తిరకాసు ఏమిటంటే, రక్తంలో పురుగు పిల్లలున్న మనిషి చాలాసార్లు నిక్షేపంగా తిరుగుతూ ఉంటాడు. కాలు వాచదు, జ్వరం రాదు. లింఫ్ నాళాలు మాత్రం లోపల్లోపలే పాడవుతూ ఉంటాయి. కాలు ఏనుగు కాలైపోయాక మాత్ర వేసినా అది పూర్వంలా కాదు. అందుకే జబ్బు కనపడనివాళ్ళకి కూడా మాత్ర ఇవ్వాలి. మన దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ డీఈసీ పంచడం మొదలుపెట్టారు. తరవాత దానికి ఆల్బెండజోల్ కలిసింది. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళకి ఇవ్వరు. మిగతా అందరూ వేసుకోవాలి.

నీలి రంగు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువు సరిగ్గా సాగలేదు. మూడో ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మెట్రిక్ గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టుకుని వెళ్ళినందుకు ఎంబీబీఎస్ బదులు ఒక మెట్టు తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. కొన్నాళ్ళు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పారు. మావగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం కలిసి 1922లో బోస్టన్ చేరారు. ఇదంతా మీరు చదివే ఉంటారు. నేను ఆగదలుచుకున్నది దీని తరవాత.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కె దగ్గర ఆయనకి దొరికిన పని చాలా చప్పగా కనిపించే పని. రక్తంలో, కండరంలో భాస్వరం ఎంత ఉందో కొలవాలి. అప్పటికున్న పద్ధతుల్లో రంగు నిలకడగా వచ్చేది కాదు, పక్కనున్న వేరే పదార్థాలు అడ్డు తగిలేవి. వీళ్ళిద్దరూ 1925లో ప్రచురించిన పద్ధతి చాలా సులువు. ముందు ప్రోటీన్లు తీసేసిన ద్రవంలో ఆమ్లం, మాలిబ్డేట్ కలుపుతారు. ఫాస్ఫేట్ దానితో జట్టు కడుతుంది. తరవాత అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం వేస్తే నీలం రంగు తేలుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. తెలిసిన నమూనా పక్కన పెట్టి రంగు పోల్చి చూస్తే లెక్క వచ్చేస్తుంది. అంతే! బయోకెమిస్ట్రీ విద్యార్థులు నేటికీ ప్రాక్టికల్స్‌లో ఈ ఫిస్కె-సుబ్బారావు పద్ధతి చేస్తారు. ఆ వ్యాసాన్ని ఆ తరవాత వేల మంది శాస్త్రవేత్తలు తమ పనిలో ఉదహరించారు.

అసలు తమాషా ఆ పనిముట్టు తప్పు చూపించినప్పుడు జరిగింది. కండరం నుంచి తీసిన ద్రవంలో నీలం వెంటనే రావాల్సినంత రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది. మనలో చాలామందిమి అయితే "రీడింగ్ సరిగ్గా రాలేదు, ఇంకోసారి చెయ్" అని వదిలేద్దుం. అప్పుడప్పుడు మాత్రమే ఫెయిలయ్యే టెస్టుని మళ్ళీ రన్ చేసి, పచ్చగా వస్తే ముందుకెళ్ళిపోయే బాపతు కదా మనం. వాళ్ళు వదల్లేదు. ఆమ్లంలో నెమ్మదిగా విరిగి ఫాస్ఫేట్‌ని విడిచిపెట్టే ఒక పదార్థం కండరంలో ఉండి ఉండాలని పట్టుకున్నారు. అది ఫాస్ఫోక్రియేటిన్, 1927. అదే దారిలో 1929లో ఇంకోటి బయటపడింది: ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. జీవకణం తన పనులన్నిటికీ ఖర్చుపెట్టే చిల్లర డబ్బు ఏటీపీయే అని ఇప్పుడు ఇంటర్ పిల్లలు కూడా చెప్తారు.

ఈ ఏటీపీని గుర్తు పెట్టుకోండి. కథ చివర్లో అది ఇంకో వేషంలో మళ్ళీ వస్తుంది.

పత్తి ఎలుక

1940లో సుబ్బారావు గారు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలకి వెళ్ళారు. అప్పుడు యుద్ధం జరుగుతోంది. పసిఫిక్ దీవుల్లో దిగిన అమెరికా సైనికులకి ఫైలేరియా అంటుకుంది. మన డెల్టాలో తరతరాలుగా ఉన్న జబ్బు తమ సైనికులకి వచ్చేసరికి హఠాత్తుగా అర్జెంటు ప్రాజెక్టు అయిపోయింది. (ఈ లెక్క ఇప్పటికీ మారలేదనుకోండి.) అప్పటికున్న ఆంటిమొనీ, ఆర్సెనిక్ మందులు పురుగుతో పాటు మనిషినీ పీడించేవి.

కొత్త మందు వెతకాలంటే ముందు పరీక్షించడానికి ఒక జంతువు కావాలి. మనిషిలో ఉండే ఉచెరీరియా మామూలు ప్రయోగశాల ఎలుకల్లో పెరగదు. అందుకని అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తిరిగే పత్తి ఎలుకని పట్టుకున్నారు. దానికి సొంతంగా ఒక ఫైలేరియా పురుగు ఉంది, పేరు లిటోమొసాయిడిస్. ఎలుక రక్తపు చుక్కలో పురుగు పిల్లల్ని లెక్కపెట్టడం, మందు ఇవ్వడం, మళ్ళీ లెక్కపెట్టడం. ఒక రసాయనం తరవాత ఇంకో రసాయనం. మన భాషలో చెప్పాలంటే, ముందు టెస్ట్ హార్నెస్ కట్టుకుని, తరవాత వరసబెట్టి క్యాండిడేట్లని దాని మీద తోలారు. హ్యూవిట్, సుబ్బారావు, మరికొందరు కలిసి 1947లో ప్రచురించిన వ్యాసంలో డీఈసీ పత్తి ఎలుకల్లోను, కుక్కల్లోను పురుగు పిల్లల్ని రక్తంలోంచి తుడిచిపెట్టేసిందని రాశారు. అదే ఏడాది ప్యూర్టోరికోలో మనుషుల మీద ప్రయత్నించిన ఫలితాలూ వచ్చాయి. మందు పనిచేసింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు.

గాజు పళ్ళెంలో పనిచెయ్యని మందు

ఇక్కడి నుంచి కథ చిత్రంగా తిరుగుతుంది. 1950లో లండన్‌లో ఫ్రాంక్ హాకింగ్, సెవెల్, థర్‌స్టన్ అనే ముగ్గురు ఈ మందు ఎలా పనిచేస్తుందో చూద్దామని కూర్చున్నారు. (అవును, స్టీఫెన్ హాకింగ్ నాన్నగారే. ఆయన ఉష్ణమండల వ్యాధుల నిపుణుడు.) జంతువుకి మందు ఇస్తే నిమిషాల్లో పురుగు పిల్లలు రక్తంలోంచి మాయం. అదే పురుగు పిల్లల్ని గాజు పళ్ళెంలో మందు కలిపిన ద్రవంలో వదిలితే హాయిగా ఈదుకుంటున్నాయి! మరి ఒంట్లో ఎక్కడికి పోతున్నాయి? కాలేయం కోసి చూస్తే అక్కడి భక్షక కణాలు వాటిని పట్టుకుని చుట్టుముట్టి ఉన్నాయి.

అంటే మందు స్వయంగా చంపట్లేదు. ఒంట్లో అప్పటిదాకా ఊరుకున్న కాపలావాళ్ళని వాటి మీదికి తోలుతోంది. భక్షక కణాల సంగతి కొత్తదేం కాదు. 1882లో మెచ్నికాఫ్ నక్షత్ర చేప పిల్లలో ముల్లు గుచ్చి, కణాలు దాని చుట్టూ మూగడం చూసిన దగ్గర్నుంచీ తెలిసిందే. దానికి ఆయనకి 1908లో నోబెల్ కూడా వచ్చింది. కానీ కాపలావాడు "ఇది నాది, అది పరాయిది" అని దేన్ని చూసి గుర్తుపడుతున్నాడు? ఆ ప్రశ్న దగ్గర 1950లో దారి మూసుకుపోయింది. సూక్ష్మదర్శినిలో కణం పురుగుని పట్టుకోవడం కనిపిస్తుంది. కణం మీద ఏ అణువు దాన్ని తాకిందో కనపడదు. లాగ్స్ లేని సిస్టమ్ లాంటిది. అవుట్‌పుట్ తెలుస్తుంది, లోపల ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో తెలీదు.

కాపలావాడి కళ్ళు

1989లో చార్లెస్ జేన్వే అనే ఇమ్యునాలజిస్టు ఒక ఊహ చెప్పాడు. టీకాలు, యాంటీబాడీలు రాకముందే, పుట్టుకతోనే మనకో రక్షణ వ్యవస్థ ఉంది. దాని కణాల మీద కొన్ని రిసెప్టర్లు (గ్రాహకాలు) ఉండి ఉండాలి. అవి ఒక్కో క్రిమిని విడివిడిగా గుర్తుపట్టవు. క్రిముల్లో మాత్రమే ఉండి మనలో ఉండని ఉమ్మడి నమూనాలని గుర్తుపడతాయి. ప్యాటర్న్ మ్యాచింగ్ అన్నమాట.

ఊహ బాగుంది. చూపించడం ఎలా? తరవాతి ఇరవయ్యేళ్ళ చరిత్రంతా ఒకదాని వెనక ఒకటి వచ్చిన పనిముట్ల చరిత్రే.

మొదటిది ఈగ. 1996లో ఫ్రాన్స్‌లో హాఫ్‌మన్ ప్రయోగశాలలో టోల్ అనే జన్యువు చెడిన పండుఈగలు బూజుకి తట్టుకోలేక చచ్చిపోవడం చూశారు. మరుసటి ఏడాది మెజిటోవ్, జేన్వే మనుషుల్లో కూడా అలాంటి జన్యువు ఉందని చూపించారు. ఈ కుటుంబానికి టోల్ లాంటి రిసెప్టర్లు, అంటే టీఎల్ఆర్‌లు అని పేరు.

రెండోది ఒక పాడైపోయిన ఎలుక. సీ3హెచ్/హెచ్ఈజే అనే ఎలుకల జాతికి బ్యాక్టీరియా పైపొరలోని ఎల్పీఎస్ అనే విషాన్ని ఎంత ఎక్కించినా చీమ కుట్టినట్టయినా ఉండదని 1960ల నుంచీ తెలుసు. బ్రూస్ బాయ్ట్లర్ ఐదేళ్ళు ఆ ఎలుక జన్యువుల్ని జల్లెడ పట్టి 1998లో లోపం ఎక్కడుందో పట్టుకున్నాడు. టీఎల్ఆర్4 జన్యువులో ఒక్క అక్షరం తేడా! ప్రోలీన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్. లక్షల లైన్ల కోడ్‌లో ఒక్క అక్షరం తప్పుని ఐదేళ్ళు వెతికినవాడి ఓపిక ఎలాంటిదో మనకి తెలుసు. 2011లో బాయ్ట్లర్, హాఫ్‌మన్‌లకి నోబెల్ వచ్చింది.

మూడోది కావాలని పాడుచేసిన ఎలుక. ప్రకృతి చేసిన బగ్ కోసం ఎదురుచూడకుండా, మనకి కావాల్సిన జన్యువునే తీసేసిన నాకౌట్ ఎలుకలు. జపాన్‌లో షిజువో అకిరా బృందం ఒక్కో టీఎల్ఆర్‌ని తీసేసి ఒక్కో రకం ఎలుకని తయారుచేసింది. మంచి విషయం ఏమిటంటే వాటిని ప్రపంచంలో అనేక ప్రయోగశాలలు వాడుకున్నాయి. ఒక లైన్ కామెంట్ చేసి ప్రోగ్రామ్ ఏమవుతుందో చూడ్డం లాంటిదే ఇది, కాకపోతే ఆ లైన్ కామెంట్ చెయ్యడానికి నెలలు పడుతుంది.

నాలుగోది ఖాళీ కణం. హెచ్ఈకే293 అనే కణాల్లో టీఎల్ఆర్2, టీఎల్ఆర్4 మామూలుగా పనిచెయ్యవు. వాటిలోకి ఒక్క రిసెప్టర్‌ని ఎక్కించి, దాంతోపాటు మిణుగురు పురుగు వెలుగు జన్యువుని కూడా తగిలిస్తారు. రిసెప్టర్ మోగితే కణం వెలుగుతుంది. వెలుగుని యంత్రం కొలుస్తుంది. ఒక ఫంక్షన్‌ని విడిగా తీసి యూనిట్ టెస్ట్ రాసి, లోపల ఒక ప్రింట్ స్టేట్‌మెంట్ పెట్టినట్టు. 1925 నాటి నీలం రంగుకీ దీనికీ సూత్రం ఒకటే. కంటికి కనపడనిదాన్ని కొలవగలిగే రంగుగానో వెలుగుగానో మార్చడం.

ఇంత జాగ్రత్తగా ఉన్నా బోల్తా పడ్డారు. 1998లో టీఎల్ఆర్2 కూడా ఎల్పీఎస్‌ని గుర్తుపడుతుందని పెద్ద పత్రికల్లోనే వచ్చింది. అది నిజం కాదు. కంపెనీలు అమ్మే ఎల్పీఎస్ సీసాల్లో కొద్దిగా బ్యాక్టీరియా లైపోప్రోటీన్లు కలిసిపోయి ఉన్నాయి. టీఎల్ఆర్2 మోగింది వాటికి. 2000లో ఎల్పీఎస్‌ని మళ్ళీ శుద్ధి చేసి పరీక్షిస్తే ఆ మోత ఆగిపోయింది. ఎవరో ఇచ్చిన లైబ్రరీని నమ్మి, లోపల ఏముందో చూడకుండా వాడితే ఏమవుతుందో మనకొకళ్ళు చెప్పాలా?

ఏటీపీ మళ్ళీ వచ్చింది

టీఎల్ఆర్‌లు కణం పైపొరలోను, లోపలి సంచుల్లోను ఉంటాయి. కణద్రవంలో ఉండి కాపలా కాసే ఇంకో కుటుంబం ఉంది. అందులో ఎన్ఎల్ఆర్‌పీ3 అనేది బాగా పేరు మోసింది. అది మోగితే ఇన్‌ఫ్లమసోమ్ అనే ప్రోటీన్ల యంత్రం ఒకటి బిగుసుకుంటుంది. కాస్పేజ్-1 అనే కత్తెర లేస్తుంది. జ్వరం తెప్పించే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా బయటికొస్తుంది.

ఈ ఎన్ఎల్ఆర్‌పీ3ని ఏవి మోగిస్తాయో 2006లో నేచర్ పత్రికలో వరసగా కొన్ని వ్యాసాలు వచ్చాయి. ఒకటి గౌట్ జబ్బులో వచ్చే యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు అంది. ఇంకొకటి బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ అంది. ఆ రెండోదానికి మొదటి రచయిత కన్నెగంటి తిరుమలాదేవి గారు. కొత్తగూడెం సింగరేణి మహిళా కళాశాలలో డిగ్రీ, ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. మొదట్లో మొక్కల జబ్బుల మీద పనిచేసి, తరవాత మిషిగన్‌లో గాబ్రియెల్ నూనెజ్ దగ్గర ఇటువైపు తిరిగారు. 2007 నుంచి మెంఫిస్‌లో సెయింట్ జూడ్ ఆసుపత్రి పరిశోధన సంస్థలో సొంత ప్రయోగశాల. కణం చచ్చిపోయే దారులు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో చెప్పే పాన్‌ఆప్టోసిస్ అన్న ఆలోచన ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది.

మూడో వ్యాసం చెప్పిన సంకేతం ఏమిటో తెలుసా? ఏటీపీ. మన సుబ్బారావు గారి ఏటీపీయే!

కారణం ఇదీ. ఏటీపీ కణం లోపల పుష్కలంగా ఉంటుంది, బయట దాదాపు ఉండదు. బయట ఎక్కువగా కనపడిందీ అంటే ఎక్కడో కణాలు పగిలాయని అర్థం. డబ్బు బీరువాలో ఉండాలి. వీధిలో నోట్లు చెల్లాచెదురుగా పడి ఉన్నాయంటే ఎవరింట్లోనో దొంగలు పడ్డారని కాపలావాడికి తెలిసిపోతుంది కదా. బయటి ఏటీపీ కణం మీద పీ2ఎక్స్7 అనే తలుపుని తడుతుంది, పొటాషియం బయటికి కారిపోతుంది, ఎన్ఎల్ఆర్‌పీ3 మేలుకుంటుంది.

అందుకని ఇన్‌ఫ్లమసోమ్ మీద పనిచేసే ప్రయోగశాలల్లో అందరూ చేసే ప్రాథమిక పరీక్ష ఇలా ఉంటుంది. ఎలుక తొడ ఎముక మూలుగ తీసి వారం రోజులు పెంచి మాక్రోఫేజ్ కణాలు తయారుచేస్తారు. కొన్ని గంటలు ఎల్పీఎస్ పోసి మేల్కొలుపుతారు. తరవాత ఏటీపీ పోస్తారు. అరగంటలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ఎంతొచ్చిందో కొలుస్తారు. 1929లో కండరంలో దొరికిన పదార్థం ఇప్పుడు ఫ్రీజర్లో సీసాలో కూర్చుని, రిసెప్టర్లని పరీక్షించే పనిముట్టుగా మారింది.

తిరిగి మన ఊరి జ్వరం దగ్గరికి

ఈ పనిముట్లన్నీ చేతికొచ్చాక ఫైలేరియా వాళ్ళు పాత ప్రశ్నలు మళ్ళీ తీశారు. ఇందులో లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య కళాశాలకి చెందిన మార్క్ టేలర్ బృందానిది పెద్ద చెయ్యి.

ముందు జ్వరం. ఫైలేరియా పురుగు లోపల వోల్బాకియా అనే బ్యాక్టీరియా కాపురముంటుంది. అది లేకపోతే పురుగుకి బతుకు లేదు. 2000లో వీళ్ళు పురుగు రసాన్ని మాక్రోఫేజ్‌ల మీద వేస్తే కణాలు మంట పుట్టించే పదార్థాలు విడిచాయి. వోల్బాకియా లేని ఇంకో జాతి ఫైలేరియా పురుగు రసం వేస్తే ఉలుకూ పలుకూ లేదు. అంటే గోల పురుగుది కాదు, దాని కడుపులో ఉన్న అద్దెవాడిది. 2001లో ఇండొనేషియాలో డీఈసీ వేసుకున్న రోగుల రక్తం పరీక్షిస్తే, తీవ్రమైన జ్వరం వచ్చినవాళ్ళ రక్తంలో వోల్బాకియా ఆనవాళ్ళు తేలాయి. పురుగులు చస్తున్నాయి, లోపలి బ్యాక్టీరియా బయటపడుతోంది, కాపలావాళ్ళు గంట కొడుతున్నారు.

ఏ గంట? మొదట్లో అది ఎల్పీఎస్ లాంటిదేదో అనీ, గంట టీఎల్ఆర్4 అనీ అనుకున్నారు. 2005లో ఈ వోల్బాకియా జన్యుక్రమం మొత్తం చదివితే ఎల్పీఎస్ తయారుచేసే సరంజామాయే అందులో లేదు! మళ్ళీ మొదటికొచ్చి, నాకౌట్ ఎలుకల కణాలతో ఒక్కో రిసెప్టర్‌ని తీసి చూస్తూ, 2009లో తేల్చారు: మంట రేపుతున్నది వోల్బాకియా లైపోప్రోటీన్, దాన్ని పట్టుకుంటున్నవి టీఎల్ఆర్2, టీఎల్ఆర్6 జంట.

ఇక మందు. 2005లో అదే లివర్‌పూల్ నుంచి మెక్‌గారీ, ప్లాంట్, టేలర్ రాసిన వ్యాసంలో ఒక ముచ్చటైన ప్రయోగం ఉంది. మామూలు ఎలుకల రక్తంలో పురుగు పిల్లల్ని వదిలి డీఈసీ ఇస్తే అవి వేగంగా తగ్గిపోయాయి. భక్షక కణాలు నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసుకునే జన్యువు తీసేసిన ఎలుకలకి అదే మందు ఇస్తే, పని చెయ్యలేదు. అంటే 1950లో హాకింగ్ కాలేయం కోసి చూసి ఊహించినది నిజమే. డీఈసీ మన సొంత సహజ రక్షణ వ్యవస్థ చేతులతోనే పనిచేస్తుంది. 1947 నుంచి 2005 దాకా, 58 ఏళ్ళు. ఈలోగా కోట్లమంది ఆ మాత్ర మింగేశారు.

ఇంకో చిన్న ముడి కూడా ఉంది. వోల్బాకియా బ్యాక్టీరియా కాబట్టి యాంటీబయాటిక్‌తో దాన్ని చంపితే పురుగూ చస్తుంది కదా అన్న ఆలోచనతో టాంజానియాలో ఎనిమిది వారాలు డాక్సీసైక్లిన్ ఇచ్చి చూశారు. పెద్ద పురుగులు కూడా చచ్చాయి. డాక్సీసైక్లిన్‌ది టెట్రాసైక్లిన్ కుటుంబం. ఆ కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్, 1948లో సుబ్బారావు గారి నాయకత్వంలోని లెడర్లేలో డగ్గర్ బయటపెట్టినది. ఎనిమిది వారాల కోర్సు ఊరందరికీ ఇవ్వడం అయ్యే పని కాదు గనక పంచేది మాత్రం ఇప్పటికీ డీఈసీయే.

ఇంతకీ ఎందుకీ గోలంతా

మొదటి ప్రశ్నకి ఇప్పుడు సూటిగా జవాబు చెప్పొచ్చు. ఏ పురుగూ లేనివాడికి ఆ మాత్ర వల్ల సాధారణంగా పెద్దగా ఏమీ కాదు. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం ఉండొచ్చు, అది వేరే సంగతి. మాత్ర వేసుకున్న రోజో మర్నాడో జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వచ్చాయంటే, ఒంట్లో తెలియకుండా ఉన్న పురుగులు చస్తూ ఉండే అవకాశం ఎక్కువ. రక్తంలో పురుగు పిల్లలు ఎంత ఎక్కువుంటే ఆ జ్వరం అంత గట్టిగా వస్తుంది. ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది, పారాసెటమాల్ సరిపోతుంది. అంతకు మించి ఇబ్బందయితే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కానీ "ఏ జబ్బూ లేనోడికి జొరం తెప్పించారు" అన్న మాటలో తిరకాసు అదే. జ్వరం వచ్చినవాడు జబ్బు లేనివాడు కాకపోవచ్చు.

ఈ నాలుగు వాక్యాలు మాత్ర పంచేటప్పుడు ఎందుకు చెప్పరు? "గవర్నమెంటు మాత్ర, వేసుకోండి" అంటే ఎవరూ వేసుకోరు. మనమైనా అంతే. ఏం మారిందో రాయకుండా అప్‌డేట్ ఇన్‌స్టాల్ చెయ్యమంటే వాయిదా వేస్తూ పోతాం. ఊళ్ళోవాళ్ళకి అర్థం కాదులే అనుకోవడం చదువుకున్నవాళ్ళ అహంకారం. దొంగ, కాపలావాడు, గంట... ఇందులో అర్థం కానిదేముంది? రొయ్యల చెరువులో రోగాన్ని నీటి రంగు చూసి పసిగట్టే జనానికి ఇది చెప్పలేమా?

రెండో సంగతి మన గురించి. సుబ్బారావు గారికి దండలు వెయ్యడంలో మనం వెనకాడం. 1995లో తపాలా బిళ్ళ వచ్చింది. భీమవరం 2022 నుంచి పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం కూడా అయింది. అంతా బాగానే ఉంది. కానీ ఆయన పని నుంచి నేర్చుకోవాల్సింది మందుల జాబితా కాదని నా అభిప్రాయం. ఒక నీలం రంగు పరీక్షని నమ్మకంగా పనిచేసేలా చెయ్యడానికి ఆయన పెట్టిన కష్టం, ఆ పరీక్ష అనుకోనిది చూపించినప్పుడు దాన్ని కొట్టిపారెయ్యకుండా వెంటపడటం. ఏటీపీ దొరికింది అలా. ఏటీపీ దొరికింది గనక డెబ్భై ఏడేళ్ళ తరవాత ఒక రిసెప్టర్ ఎప్పుడు మోగుతుందో తెలిసింది. ఇలాంటి పనికి ఆ రోజున "దీనివల్ల ఉపయోగం ఏమిటి?" అని అడిగితే ఫిస్కె దగ్గర గానీ సుబ్బారావు గారి దగ్గర గానీ జవాబు ఉండేది కాదు.

మన కాలేజీల్లో బయాలజీ పిల్లలు ఇప్పటికీ ఎలుకలు, కణాలు, యాంటీబాడీలు ఎక్కణ్ణుంచో తెప్పించుకోవడమే తప్ప, పనిముట్లు తయారుచెయ్యడం ఒక గౌరవమైన పని అని వాళ్ళకెవరూ చెప్పరు. సాఫ్ట్‌వేర్లో ఓపెన్ సోర్స్ పుణ్యమా అని మనకి ఆ గౌరవం కొంత తెలిసింది. మీలో డబ్బు సాయం చేసే స్తోమత ఉన్నవాళ్ళు తమ ఊరి కాలేజీకి ఏదైనా ఇవ్వాలనుకుంటే, విగ్రహం కన్నా ఒక మంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు, దానికి కరెంటు పోతే ఆదుకునే జెనరేటరు ఇవ్వండి. సుబ్బారావు గారిని బోస్టన్ పంపిన డబ్బులో కాకినాడ ధర్మసంస్థది కూడా ఒక వాటా అన్న సంగతి మర్చిపోకూడదు.

అలాగే, ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఫైలేరియా మాత్రలిచ్చారని అమ్మ చెప్తే, "వేసుకున్నారా?" అని ఊరుకోకండి. జ్వరం ఎందుకొస్తుందో కూడా చెప్పండి. పక్కింటివాళ్ళకి మిగతాది ఆవిడే చెప్పుకుంటుంది.